కొత్తవాడలో ఇల్లు – మగ్గము – కుటుంబము : ఒక పరిశీలన

కూడు, గుడ్డ, గూడు అను మూడింటిని మానవుని కనీసావసరములుగా అర్థశాస్త్ర పాఠములో మొదటి దినముననే చెప్పుచుందుము. కాని ఈ మూడింటిని వేరువేరు అధ్యాయములలో చదువుకొనుట మనకు అలవాటైనది. కూడు వ్యవసాయము కింద, గుడ్డ పరిశ్రమల కింద, గూడు పట్టణీకరణము కింద వచ్చును. వరంగల్లులోని కొత్తవాడకు వచ్చి చూచిన విద్యార్థికి ఈ అధ్యాయ విభజన నిలువదు. ఇక్కడ గుడ్డ పుట్టినది గూటిలోనే. కూడు దొరికినది ఆ గుడ్డవలననే. అందుచేత ఒక నివాస ప్రాంతపు ఇండ్ల విపణిని, జనాభా స్వరూపమును ఎట్లు పరిశీలించవలెనో చెప్పుటకు కొత్తవాడకన్న మంచి ఉదాహరణము మాకు దగ్గరలో కనబడలేదు.

వరంగల్లు, హనుమకొండ, కాజీపేట అను మూడు పట్టణములు కలిసి నేటి మహానగరమైనవి. కాజీపేట రైల్వే జంక్షనుతో, హనుమకొండ కచేరీలు, విద్యాలయములతో పెరిగినవి. వరంగల్లు మాత్రము వర్తకముతోను, నేతతోను పెరిగినది. 2001 జనగణనలో 5,79,216 గా ఉన్న వరంగల్లు పట్టణ సముదాయపు జనాభా 2011 నాటికి 7,59,594 అయినది. అనగా పదేండ్లలో వందకు ముప్పైయొక్కమంది పెరిగిరి. ఈ పెరుగుదలలో అధిక భాగము నగరపు అంచులలోని కొత్త కాలనీలది అనుకొనుట సులభము. నగరము నడుమనున్న పాత వాడలలో జనమెట్లు సర్దుకొనిరి అన్నదే అసలైన ప్రశ్న.

కొత్తవాడ అనగానే నగరవాసులకు మొదట జ్ఞాపకము వచ్చునది జంపఖానా. ఉర్దూలో దరీ అనినను, షత్రంజీ అనినను అదియే. పద్మశాలీలును, ముస్లిములును ఈ పనిలో ఉన్నారు. వరంగల్లు తివాచీ 1851 లండను మహాప్రదర్శనకు వెళ్ళినది. వరంగల్లు జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ రెండింటిని మన సంచికలలో ఎందరో వ్రాసిరి, ఇక ముందును వ్రాయుదురు. మేము చెప్పదలచినది వేరు. ఆ జంపఖానా ఎంత వెడల్పున్నదో అందరును కొలుతురు. అది పుట్టిన గది ఎంత వెడల్పున్నదో కొలిచిన వారు తక్కువ.

ముందుగా కొన్ని నిర్వచనములు తెలిసికొనవలెను. జనగణనలో ఇల్లు వేరు, కుటుంబము వేరు. వీధి నుండి గాని, ఉమ్మడి వాకిలి నుండి గాని తనకంటూ ప్రత్యేక ద్వారము కలిగిన భవనమో, భవన భాగమో ఒక ఇల్లు. ఒకే వంటగదిలో వండుకొని తిను వారందరును ఒక కుటుంబము; పొయ్యి వేరైనచో కుటుంబము వేరు. ఈ చిన్న భేదమును పట్టించుకొనకపోయినచో పాత వాడల లెక్క మొత్తము తప్పును. ఒకే పెంకుటింటిలో ముగ్గురు అన్నదమ్ములు మూడు పొయ్యిలు పెట్టుకొని, ఒకే మగ్గమును వంతుల మీద ఆడించుకొనుచున్నచో అది మూడు కుటుంబములు. అదే ముగ్గురు తల్లి చేతి వంట తినుచు మూడు మగ్గములు ఆడించినచో ఒకే కుటుంబము. మొదటి లెక్కలో కుటుంబములు చిన్నవిగా కనబడును, రెండవ దానిలో పెద్దవిగా కనబడును. ఇంటిలోని తలలు రెండింటను ఒక్కటే.

"ఫలానా వాడలో కుటుంబములు చిన్నవైనవి, కాబట్టి సుఖముగా ఉన్నారు" అను తీర్మానమునకు తొందరపడరాదని విద్యార్థులకు మనవి. పొయ్యి విడిపోవుట సుఖమునకు గుర్తు కావచ్చును, కలహమునకు గుర్తు కావచ్చును, ఆహార భద్రత కార్డు వేరుగా తీసికొనుటకు గుర్తును కావచ్చును. అట్లే కుటుంబ పరిమాణము మతమును బట్టి మారునని మాటవరుసకు అనువారు ఎందరో ఉన్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశములో ముస్లిము స్త్రీల సంతాన రేటు 1992–93లో 4.4 గా ఉండి 2019–21 నాటికి 2.36 కు దిగినది, హిందువులలో 3.3 నుండి 1.94 కు దిగినది. తెలంగాణలో అన్ని మతములవారిని కలిపి చూచినచో 1.8 కి మించలేదు. రెండు గీతలును క్రిందికే పోవుచున్నవి, అందులోను మొదటిదే ఎక్కువ వేగముగా. వాడలో ఇరుకునకు కారణము పిల్లల సంఖ్య కాదు, మరియొకటి వెదకవలెను.

ఇతర దేశములలో ఇటువంటి పరిశీలన ఎట్లు చేయుదురో ఒకసారి చూతము. ఆస్ట్రేలియాలో ఐదేండ్లకొకసారి జనగణన జరుగును. ప్రతి శివారు ప్రాంతమునకును వేరుగా పట్టికలు వేసి, ఎవరైనను చూచుకొనునట్లు ఇత్తురు. అచ్చట మెల్బోర్ను నగరపు పడమటి అంచున టార్నీట్ వంటి శివారులు పిల్లలు గల యువ కుటుంబములతో నిండినవి. మన దేశమునుండి వెళ్ళినవారు అందు చాలమంది ఉన్నారు. 2021 లెక్కల ప్రకారము ఆ దేశములో ఇంట తెలుగు మాట్లాడువారు సుమారు 59 వేలు. అక్కడి పట్టికలో ఇంటి యాజమాన్యము మూడు విధములుగా విడదీయబడును. 2021లో దేశము మొత్తము మీద పూర్తిగా సొంతమైన ఇండ్లు నూటికి 31, అప్పు తీర్చుచున్న ఇండ్లు నూటికి 35, అద్దె ఇండ్లు నూటికి 30.6. మన జనగణన పట్టికలో సొంతము, కిరాయి, ఇతరములు అను మూడు గడులే ఉండును. అప్పు అను గడి లేదు. కొత్తవాడలో ఇల్లు సొంతమే. కాని దస్తావేజు బ్యాంకులో ఉన్నదో, వడ్డీ వ్యాపారి పెట్టెలో ఉన్నదో, నలుగురు వారసుల పేర చీలిపోయి ఎవరి వద్దను లేకుండ ఉన్నదో ఆ గడి చెప్పదు. మూడు దశలును "సొంతము" లోనికే వచ్చి చేరును.

ఇంకొక భేదము ఉన్నది. ఆ శివారులో ఇల్లు కొనువాడు బడికి ఎంత దూరము, రైలు స్టేషనుకు ఎంత దూరము, పడకగదులెన్ని అని అడుగును. ఇల్లు నివాసమే, పని వేరొక చోట. ఇక్కడ ఇల్లే కార్ఖానా. గుంటమగ్గమైనచో నేలలో గుంట తీసి, అందులో కాళ్ళు పెట్టి కూర్చుని పలకలు త్రొక్కవలెను. ఆ గుంట నేలను పట్టుకొని ఉండును, మేడ మీదికి ఎక్కదు. చట్రపు మగ్గమును పై అంతస్తులో పెట్టవచ్చును గాని, బరువునకును, అదురునకును తగిన కప్పు ఉండవలెను. వానకాలములో నీరు ఊరినచో గుంటలో నిలుచును. ఆ దినముల కూలి పోయినట్లే. 2020 ఆగస్టులోను, 2023 జూలైలోను వరంగల్లు నగరములో వరదలు వచ్చినప్పుడు మునిగిన ఇండ్లను పత్రికలు లెక్కించినవి. ఇల్లు మునుగుట ఒక నష్టము, మగ్గము మునుగుట మరియొక నష్టము. నివాసపు లెక్కలో రెండవది రాదు.

గదుల లెక్కలోను ఇట్టి చిక్కే ఉన్నది. నివాసపు గది అనుటకు కనీసము రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు ఉండవలెనని జనగణన నిర్వచనము. ఒక మనిషి కాళ్ళు చాపుకొని పడుకొనగలిగినచో చాలును. వంటగది, స్నానపు గది, సామాను గది, నడవ లెక్కకు రావు. మరి పగలంతయు మగ్గమాడి, రాత్రి మగ్గము పక్కన చాప పరచి ఇద్దరు పిల్లలు పడుకొను గది సంగతి ఏమి? ఎన్యూమరేటరు దానిని గదిగా వ్రాసికొనినచో ఆ కుటుంబము తన వాస్తవమునకంటె విశాలముగా ఉన్నట్లు కనబడును. వ్రాసికొననిచో ఆ పిల్లలు ఎక్కడ పడుకొనుచున్నారో తెలియదు. జనగణన ఇండ్ల పట్టికలో మరియొక మంచి ప్రశ్న ఉన్నది: కుటుంబములో వివాహిత దంపతులెందరు? గదుల సంఖ్యను దంపతుల సంఖ్య పక్కన పెట్టి చూచిన విద్యార్థికి, పెద్దకొడుకు వివాహము కాగానే రెండవవాడు భివండికో, సూరతుకో ఎందుకు బయలుదేరునో కొంత అర్థమగును. పని లేక పోయినవారు ఉన్నారు. పడుకొనుటకు చోటు లేక పోయినవారును ఉన్నారు. వలసను గూర్చిన మన వ్యాసములలో రెండవవారి ప్రస్తావన మిక్కిలి తక్కువ.

ఇక అసలు విషయమునకు వత్తము. ఒక వాడలో ఇండ్ల విపణి ఎప్పుడు మొదలగును? తండ్రులనుండి కొడుకులకు సంక్రమించుచున్నంత కాలము ఇంటికి విలువ ఉండును గాని ధర ఉండదు. పంపకములు వచ్చిన నాడు ధర పుట్టును.

లెక్క వేసి చూతము. నూరు గజముల స్థలము, అనగా 900 చదరపుటడుగులు. ఇంటి యజమాని కాలము చేసెను. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు, వీలునామా లేదు, అప్పులన్నియు తీరినవి, స్థలము ఆయన స్వార్జితము. ఆయన ముస్లిమైనచో షరియతు ప్రకారము భార్యకు ఎనిమిదవ వంతు, మిగిలినదానిలో కొడుకునకు రెండు పాళ్ళు, కూతురునకు ఒక పాలు. తల్లికి పన్నెండున్నర గజములు, కొడుకులకు ముప్పైయైదేసి, కూతురునకు పదిహేడున్నర. ఆయన హిందువైనచో 1956 వారసత్వ చట్టము ప్రకారము నలుగురికి సమానముగా ఇరువదియైదేసి గజములు. స్వార్జితము కాక పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తిలోను ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ పెండ్లి కాని కూతుండ్రకు కొడుకులతో సమానముగా హక్కు కల్పించినది. దేశమంతటికి వర్తించు సవరణ 2005లో వచ్చినది.

రెండు ధర్మశాస్త్రములు, పక్కపక్కనే ఉన్న రెండు ఇండ్లు. భాగములు వేరైనను ఫలితము ఒకటే. పదిహేడున్నర గజములనగా 157 చదరపుటడుగులు. మగ్గము, నేయువాడు కూర్చుండు చోటు, పక్కన నూలు, కండెలు – వీనికి పది అడుగులకు పది అడుగులు ఇచ్చితిమి అనుకొనుడు. మిగిలిన యాభై ఏడు అడుగులలో గోడ మందము, మెట్లు, మరుగుదొడ్డి రావలెను. ముప్పైయైదు గజముల భాగములోనైనను మగ్గము పెట్టినచో సంసారము పైఅంతస్తు ఎక్కవలసినదే. 2020 నాటి తెలంగాణ భవన అనుమతుల చట్టము డెబ్బదియైదు గజముల వరకు స్థలములో క్రింద ఒకటి, పైన ఒకటి కట్టుకొనుటకు అనుమతి అక్కరలేకుండ చేసినది. మంచి సౌకర్యమే. కాని అనుమతి లేక ఆగిన ఇల్లు వేరు, డబ్బు లేక ఆగిన ఇల్లు వేరు.

ఇట్టి స్థితిలో మూడు దారులు కనబడును. చెల్లెలు తన భాగమును అన్నలకు విడిచి పత్రము వ్రాసి ఇచ్చును. మన కుటుంబములలో దీనిని ప్రేమ అందురు; ఆ ప్రేమకు బదులు ఏమి ముట్టినదో ఎవరును అడుగరు, మేము అడుగవలెనందుము. లేదా ఒక అన్న తక్కినవారికి సొమ్మిచ్చి మొత్తము తన పేర వ్రాయించుకొనును. ఆ సొమ్ము నేతకూలి నుండి వచ్చునది కాదు గనుక అప్పు పుట్టును. మూడవది, నలుగురు కలిసి బయటివానికి అమ్ముట. కొత్తవాడలో ఏ ఇల్లు అమ్ముడుపోయినను, ఆ ఇంటిలో మూడేండ్లుగానో, ముప్పదియేండ్లుగానో నలుగుచున్న పంపకమేదో ఉండునని ఊహించి పరిశీలన మొదలుపెట్టినచో తప్పుదారి పట్టరు. కొనువాడు గజమునకు ఇంత అని చెప్పును. ఆ ధరలో రోడ్డు ఉన్నది, ఆసుపత్రి దగ్గరుండుట ఉన్నది, దుకాణము పెట్టు వీలున్నది. మగ్గపు గుంట ఆ ధరలో లేదు. పైగా దానిని పూడ్చుటకగు ఖర్చును అతడు తగ్గించి అడుగును. అమ్మకపు దస్తావేజుపై ప్రభుత్వమునకు చెల్లించు మొత్తమును 2021 జూలై 22 నుండి నూటికి ఆరు రూపాయలనుండి ఏడున్నరకు పెంచిరి. దస్తావేజులో వ్రాయు ధరకును, చేతులు మారు ధరకును భేదముండుటకు ఇదియొక కారణము. రిజిస్ట్రేషను కచేరీ అంకెలను మాత్రమే నమ్మి వ్యాసము వ్రాయు విద్యార్థి దీనిని మరువరాదు.

అమ్మనివారు కిరాయికి ఇత్తురు. గుంట పూడ్చి, గచ్చు చేసి, సున్నము వేసినచో ఒక గది సిద్ధము. కిరాయి నెలనెలకు వచ్చును. మగ్గపు కూలి అట్లు కాదు. నూలు ధర, రంగు ధర, సంఘమునకు ఆర్డరు వచ్చుట, ప్రభుత్వ వసతిగృహములకు పంపిన జంపఖానాల సొమ్ము చేతికందుట – వీనిలో ఏ ఒక్కటి ఆలస్యమైనను పొయ్యి మీద ప్రభావము పడును. నేతగాడు మగ్గము తీసివేయుట బద్ధకమనియో, పిల్లలకు నేర్పకపోవుట అభిమానము లేకనియో అనుట అన్యాయము. ఒకే గదికి రెండు ఆదాయములు పోటీపడినప్పుడు నిలకడ గలది గెలిచినది, అంతే. అఖిల భారత చేనేత గణన ప్రకారము దేశములో చేనేత కార్మికులు 2009–10లో 43.31 లక్షలు, 2019–20లో 35.22 లక్షలు. ఈ తగ్గుదలకు మిల్లులను, మరమగ్గములను కారణముగా చెప్పుదురు. జంపఖానా 1985 చేనేత రిజర్వేషను చట్టము కింద చేతిమగ్గమునకే కేటాయించిన వస్త్రములలో ఒకటి. చట్టరీత్యా మరమగ్గము దానిని నేయరాదు. అయినను మగ్గములు తగ్గినచో, ఇంటి గోడల లోపలి కారణములను కూడ చూడవలసియున్నది.

ఇంటినీ మగ్గమునూ కలిపి ఆలోచించిన వారు ప్రభుత్వములో లేకపోలేదు. 1985–86లో కేంద్ర ప్రభుత్వము చేనేత కార్మికులకు పని షెడ్డుతో కూడిన ఇల్లు అను పథకమును తెచ్చినది. నేతగాని ఇల్లు పడకగదితో తీరదు అను సత్యమును గుర్తించిన పథకమది. తరువాత వచ్చిన సాధారణ గృహ పథకములలో ఈ ఆలోచన వెనుకబడినది. తెలంగాణ రాష్ట్రము 2015 తరువాత చేపట్టిన రెండు పడకగదుల ఇల్లు 560 చదరపుటడుగులు. 2024 మార్చిలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకములో సొంత స్థలమున్నవారికి ఐదు లక్షల సాయము. రెండును పేదవారికి మేలు చేయునవే. కాని అపార్టుమెంటు మూడవ అంతస్తులో ఇల్లు వచ్చిన నేతగానికి నీడ దొరికినది, పని పోయినది. ఈ మాట మేము పథకములను తప్పుపట్టుటకు కాదు, ఇంటి నమూనా గీయువారు ఒకసారి వాడలోనికి వచ్చి కొలత తీయవలెనని చెప్పుటకు.

మిల్లు పనివారి కథ దీనికి కొంత భిన్నము. 1934లో నిజాము ప్రభువు కాలమున స్థాపించబడిన ఆజంజాహీ మిల్లు 2002లో మూతపడినది. మిల్లు కార్మికునికి పని ఒక చోట, ఇల్లు ఒక చోట. కనుక పని పోయినను ఇల్లు నిలిచినది. ఇండ్ల స్థలముల కొరకు కార్మికులు చాలకాలము తిరిగిరి. మిల్లు భూమిలో ఒక భాగమును పట్టణాభివృద్ధి సంస్థ ప్లాట్లుగా విభజించి వేలము వేసినది. నూలు వడికిన నేలను గజముల లెక్కన కొన్నవారిలో నూలుతో సంబంధము లేనివారే ఎక్కువయై ఉందురని వేరుగా చెప్పనక్కరలేదు. 2017 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా జౌళి పార్కు నగరమునకు వెలుపల గీసుకొండ, సంగెము మండలములలో ఉన్నది. పోయినవారు తిరిగివచ్చి అందులో పని చేయవలెనని ఆశయము. తిరిగివచ్చినవారు ఎక్కడ ఉందురు, ఏ కిరాయికి ఉందురు, పాత వాడలోని తమ్ముని ఇంటిలో వారి కొక గది మిగిలియున్నదా అనునవి జౌళి విధానమునకు సంబంధించిన ప్రశ్నలుగా ఎవరికిని తోచవు.

2021లో జరుగవలసిన జనగణన వాయిదా పడి, 2027 మార్చి 1 ఆధార తేదీగా జరుగునట్లు 2025 జూన్ 16న ప్రకటన వెలువడినది. ఆ లెక్కలు వాడల వారీగా మన చేతికి వచ్చుటకు కాలము పట్టును. ఈలోగా కళాశాల కమిటీవారు అనుమతించినచో, మన విద్యార్థులే కొత్తవాడలో ఒకటి రెండు వీధులను తీసికొని ఇంటింటి పరిశీలన చేయవచ్చునని మా సూచన. జనగణన ప్రశ్నలను అట్లే ఉంచి, వానికి తోడుగా ఇంటిలో మగ్గము ఎన్నడైన ఉండెనా, ఎప్పుడు తీసితిరి, ఆ గది నేడు దేనికి వాడుచున్నారు, దస్తావేజు ఎవరి పేర ఉన్నది, ఇంటినుండి వెళ్ళినవారెవరు, ఎక్కడికి అని అడుగవలెను. ప్రశ్నావళి ఉర్దూలోను తెలుగులోను ఉండవలెను. ధర అడుగునప్పుడు మాత్రము తొందరపడరాదు. ఇల్లు కొనుటకు వచ్చిన దళారి అనుకొని తలుపు వేసికొనుదురు.

అన్నిటికంటె ముఖ్యముగా, ప్రశ్న ఎవరిని అడుగుచున్నామో చూచుకొనవలెను. వాకిట కూర్చున్న పెద్దమనిషిని "ఇంటిలో పని చేయువారెందరు?" అని అడిగినచో "నేనొక్కడనే" అనును. లోపల ఆయన భార్య కండెలు చుట్టుచుండును, కూతురు బడినుండి వచ్చి నూలు విడదీయుచుండును. కుటుంబపు వృత్తిలో కూలి లేకుండ చేసినదియు పనియే అని జనగణన నిర్వచనము స్పష్టముగా చెప్పుచున్నది. 2019–20 చేనేత గణనలోను నేతగాండ్రలో నూటికి డెబ్బదిమందికి పైగా స్త్రీలే. అయినను అడిగినవాడు ఆ నిర్వచనమును చదివి వినిపించనిచో, ఆమె పేరు పక్కన "పని లేదు" అనియే పడును. కనుక ప్రతి జట్టులోను ఒక విద్యార్థిని తప్పక ఉండవలెను. లోపలి గదికి వెళ్ళి అడుగగలిగినది ఆమెయే.